గృహిణీ సల్లాపము: పెరటిచెట్టు

పెరటిచెట్టు మందునకు పనికిరాదని పెద్దలొక సామెత చెప్పుదురు. చెట్లకే కాదు, మనము కాపురముండు పట్టణములకును ఆ సామెత వర్తించునని ఈ నెలలో మాకు తెలిసివచ్చినది.

మా తార్నాకలో పొరుగింటివారి కుమార్తె ఉద్యోగమునకై ఐరోపాఖండమునకు పోయి, మొన్న సెలవులకు వచ్చినది. ఆమె ప్రాగ్ అను ప్రాచీన నగరమును ఒక్క దినమున చూచిన వృత్తాంతమును మా యింట కూర్చుండి వర్ణించినది. వీథులలో పట్టాలపై నడచు ట్రాముబండ్లు అందరివలెనే తానును ఎక్కుచు, దిగుచు, 1357లో పునాదివేసిన రాతివంతెనను, 1410 నాటి గడియారమును చూచినదట. ఎవరు వెంట వచ్చిరని మేమడిగితిమి. ఒంటరిగనే పోయితిననినది.

మా అత్తగారు బియ్యము చెరుగుచు వినుచుండిరి. అన్నివందల యేండ్ల వంతెన ఇంకను నిలిచియున్నదా యని ఆశ్చర్యపడిరి. పిల్ల నవ్వి, “మన పురానాపూలు కట్టి కూడ నాలుగువందల యేండ్లు దాటింది గదా, అమ్మమ్మా! మీరు చూసిండ్రా?” అనినది. అత్తగారు చూడలేదు. మేమును చూడలేదు. పిల్ల వెడలిపోయిన పిమ్మట చాలసేపు చెరుగుచున్న చేట చప్పుడు తప్ప మరేమియు వినరాలేదు.

అత్తగారు తార్నాకకు కాపురమునకు వచ్చి నలువది యేండ్లు దాటినవి. ఏ వీథిలో ఏ కూర చవుకయో, ఏ గుడిలో ఏ దినమున అభిషేకమో వారికి కంఠపాఠము. కాని చార్మినారును వారు గోడమీది క్యాలెండరునందును, బిస్కట్టు డబ్బా మూతమీదను మాత్రమే చూచియున్నారు. ఏలనని మేము ఆలోచించితిమి. ధనమా అడ్డు? తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదినుండి స్త్రీలకు ఆర్టీసీవారి సాధారణపు బస్సులందును ఎక్స్‌ప్రెస్సులందును రుసుము లేదు. ఆధారు చీటిని చూపినచో కండక్టరు సున్న టిక్కెట్టు ఇచ్చును. ఆ ఉచితప్రయాణముతో మేము ఎక్కడెక్కడికి పోయితిమని లెక్కించుకొంటిమి. పెండ్లిండ్లు మూడు, పురుళ్లు రెండు, ఆస్పత్రి పలుమారులు, పరామర్శలు నాలుగు. ఊరక చూచుటకై పోయినది ఒక్కటియు లేదు. పనిమీద బయలుదేరిన స్త్రీని ఎవరును ఏమియు అడుగరు. చూచుటకై బయలుదేరినదన్నచో నలుగురును అడుగుదురు. ఆ నలుగురికంటె ముందు మనమే మనలను అడిగికొని, సమాధానము దొరకక ఇంట కూర్చుందుము.

ఈ విచారమైన పిమ్మట ఒక బుధవారమును నిశ్చయించుకొంటిమి. పిల్లల భోజనపు డబ్బాలు, ఇంటివారి డబ్బా సర్ది, వారు బడికి పోయిన గడియలోనే మేమును అత్తగారును తలుపు తాళము వేసి వీథిలోనికి దిగితిమి. అత్తగారు తాళమును మూడుసార్లు లాగి చూచిరి.

మొదట చూచినది మా పెరటిలోనిదే. తార్నాక యను పేరు తారు, అనగా తీగకంచె, నాకా, అనగా కాపలాద్వారము అను మాటలనుండి వచ్చినదని చెప్పుదురు. ఒకప్పుడిచ్చట తోటలకు తీగకంచె యుండెడిదట. ఆ ప్రక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయము. ఈ నేల పూర్వము మహలఖా బాయి చందా యను విదుషి జాగీరులోనిదని చెప్పుదురు. ఆమె 1768లో పుట్టి 1824లో గతించినది. గాయని, నర్తకి, ఉర్దూ కవయిత్రి. గజళ్లను సంపుటముగా వెలువరించిన తొలి స్త్రీలలో లెక్కింపబడినది. మౌలాలి కొండ పాదమున ఆమె సమాధి నేటికిని కలదు. ఒక స్త్రీ భూమిపై ఇంత విద్యాలయము వెలసినదని మాకు ఇన్నేండ్లును తెలియదు.

ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను 1918లో ఈ విద్యాలయమును స్థాపించెను. 1919లో అద్దె యిండ్లలో తరగతులు మొదలైనవి. ఆంగ్లమును పాఠ్యాంశముగా నిలిపి, తక్కిన శాస్త్రములెల్ల ఉర్దూలో బోధించిరి. అందుకై పాఠ్యగ్రంథములను అనువదించుటకు ఒక ప్రత్యేకశాఖనే నెలకొల్పిరి. దేశభాషలో ఉన్నతవిద్య గరపిన ఘనత దీనికి దక్కినది. మన రాయప్రోలు సుబ్బారావుగారిచట తెలుగు ఆచార్యులై యుండిరి. 1948 తరువాత బోధన ఆంగ్లమునకు మారినది.

ఆర్ట్సు కళాశాల భవనమునకు 1934 జూలై 5న పునాది పడినది. 1939 డిసెంబరు 4న ప్రారంభమైనది. జైన్ యార్ జంగు, సయ్యద్ అలీ రజా అను ఇద్దరు శిల్పులు దేశదేశముల విశ్వవిద్యాలయములను చూచివచ్చిరి. బెల్జియము దేశీయుడైన ఎర్నెస్టు జాస్పరు నమూనా గీచెను. గులాబివన్నె రాతితో కట్టిన ఆ భవనపు మహాద్వారమున మహమ్మదీయ శిల్పపు కమాను కలదు. స్తంభములలో అజంతా, ఎల్లోరాల పోలిక కలదు. ఐరోపావాడొకడు ఇచటికి వచ్చి, మన గుహలను మన కమానులను చూచి, మనకే ఒక భవనమును కూర్చి యిచ్చెను. ఆ భవనము ముంగిట నుండి నలువదియేండ్లు బస్సులో పోయియు అత్తగారు ఒక్కనాడును దిగలేదు. “ఆస్పత్రికి పోయేటప్పుడు కనిపిస్తది బిడ్డా. దిగితే నంబరు దాటిపోతది గదా” అనిరి. ఆనాడు దిగవలసిన నంబరేదియు లేదు. మెట్లపై కూర్చుండి రాతిని చేతితో తడవి చూచి, ఉదయపుటెండకు వెచ్చగా నున్నదనిరి.

అచటనే బస్సెక్కితిమి. రైలు కావలెనన్నవారికి ఆర్ట్స్ కాలేజి, జామియా ఉస్మానియా అను పేర్లతో రెండు స్టేషనులు సమీపముననే కలవు. మేమెక్కినది నుదుట అఫ్జల్‌గంజ్ అని వ్రాసికొన్న బస్సు. ఈ రాజ్యమున ప్రభుత్వపు బస్సులు 1932 జూన్ మాసమున నైజాము రైలుశాఖ క్రింద 27 బండ్లతో ఆరంభమైనవి. బస్సుల నంబరుపలకపై జెడ్ అను ఆంగ్లాక్షరముండుటకు కారణము నిజాము తల్లియైన జహ్రా బేగము పేరని చెప్పుదురు. ఈ ముచ్చట మేము చెప్పగా అత్తగారు, “అయితే తల్లి పేరు బండ్లమీద తిరుగుతుందన్నట్టు” అని సంతోషించిరి.

విద్యానగరము, నల్లకుంట దాటి బస్సు కోఠి సమీపించునప్పటికి, కండక్టరమ్మ “ఉమెన్స్ కాలేజీ” అని కేకవేసినది. అత్తగారు లేచి నిలుచుండి, “దిగుదాం” అనిరి. అది మా కార్యక్రమమున లేదు. అయినను దిగితిమి.

ఈ కళాశాల భవనము పూర్వము ఆంగ్లేయుల రెసిడెన్సీ. రెసిడెంటైన జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్కు 1803లో దీని నిర్మాణము ఆరంభించెను. ఆయన హైదరాబాదు నగరపు ఉన్నతకుటుంబములోని ఖైరున్నిసా అను కన్యను వివాహమాడెను. ఆమె ఘోషాలో నుండుటచే అంతఃపురము దాటి ముందువైపునకు వచ్చి భర్త కట్టించిన సౌధమును చూడ వీలులేకపోయినదట. అందుచే ఆమె చూచుటకై అంతఃపురపు తోటలో ఆ సౌధమునకు చిన్న నమూనాను కట్టించెనని చెప్పుదురు. తన యింటి ముఖమును తాను బొమ్మలో చూచుకొన్న ఇల్లాలు! ఈ కథ మొదట చదివినప్పుడు అయ్యో యనుకొంటిమి. బిస్కట్టు డబ్బామీది చార్మినారును తలచుకొన్న పిమ్మట ఆమెపై జాలిపడుటకు మాకు మొగము చెల్లలేదు.

1924లో నెలకొన్న స్త్రీల కళాశాల 1949లో ఈ భవనమునకు వచ్చినది. 2022లో మహిళా విశ్వవిద్యాలయమైనది. 2024లో దీనికి తెలంగాణపు వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి.

మేము లోనికి పోలేదు. ద్వారముకడ చెట్టునీడనే నిలిచితిమి. తరగతులు విడిచినవి కాబోలు, బాలికలు గుంపులుగుంపులుగా వచ్చుచుండిరి. అత్తగారు వారిని చూచుచు, మాతో కాక తమతో తామే యన్నట్లు ఇట్లనిరి: “మా నాయిన ఈడికే తోలుకొచ్చిండు. జనగామ నుంచి పొద్దుగాల బండికి వచ్చినం. ఫారం గూడ తీసుకున్నడు. ఆ నెలల్నే సంబంధం కుదిరింది.”

పదునాలుగేండ్లుగా మేమిరువురము ఒక్క పొయ్యికడ మెలగుచున్నాము. వారికి ఏ పప్పు పడదో, ఏ మోకాలు నొప్పియో, ఏ పాటకు కన్నీరు వచ్చునో మాకు తెలియును. ఈ మాట తెలియదు. ఎన్నడును చెప్పలేదేమని అడిగితిమి. “ఎవరడిగిండ్రు బిడ్డా?” అనిరి. ఆ పలుకున నిష్ఠురము లేదు. ఉన్నచో మాకు కొంత తేలికగా నుండెడిది.

అంతలో పుస్తకముల సంచి తగిలించుకొన్న బాలిక యొకతె ఆగి, “ఎవరికోసం చూస్తున్నవ్, అమ్మమ్మా? పిలవనా?” అని అడిగినది. అత్తగారు తలయూపి, “ఎవ్వరికోసం గాదు బిడ్డా. చూసెటందుకే వచ్చిన” అనిరి. ఆ బాలిక నవ్వి వెడలినది. అత్తగారు మరి పది నిమిషములు నిలుచుండిరి. మేము తొందరపెట్టలేదు.

తెచ్చుకొన్న పులిహోరను, పెరుగన్నమును ఒక నీడపట్టున తిని మరల బస్సెక్కితిమి. అఫ్జల్‌గంజ్ దాటగానే మూసీ వంతెన. 1908 సెప్టెంబరు 28న ఈ నది పొంగి వేలకొలది జనులను పొట్టను పెట్టుకొన్నది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు కొమ్మలపై ఆనాడు సుమారు నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరని ప్రతీతి. ఆ వరద తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. వారి సలహాపై మూసీకి, ఈసీకి కట్టలు కట్టిరి. 1920లో ఉస్మాన్‌సాగరము పూర్తియైనది. దానినే మనము గండిపేట యనుచున్నాము. గండిపేట నీరు త్రాగినవారు హైదరాబాదును విడువరను నానుడికి మూలము ఇంతటి దుఃఖమని వంతెనపై నిలిచినప్పుడుగాని తోపదు.

మదీనా కూడలిలో దిగి, పత్తర్‌గట్టి రాతికమానుల నీడను మెల్లగా నడచి, చార్‌కమానులు దాటి చార్మినారు చేరితిమి. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో దీనిని కట్టించెను. నాలుగు దిక్కులకు నాలుగు కమానులు, నాలుగు మూలల నాలుగు మినారులు, పైయంతస్తున మసీదు. నాలుగువైపుల గడియారములు మాత్రము 1889లో చేర్చినవి. డబ్బామీద పసుపురంగున కనుపించినది దగ్గరనుండి చూచునప్పటికి పలువన్నెలుగా నున్నది. సున్నముతో తీర్చిన పూలును తీగెలును చేతికి అందునంత దగ్గర.

మెట్లు ఇరుకు, చుట్టలు చుట్టుకొని పోవును. అత్తగారి మోకాలికి అది తగదు. “నువ్వు ఎక్కి చూసిరా. వచ్చి నాకు చెప్పు” అనిరి. మేము సంకోచించితిమి. ఖైరున్నిసా నమూనా మా మనస్సున మెదలినది. అది గ్రహించిరేమో యన్నట్లు వారే, “నేను ఇంటి కాడ లేను గదా, కిందనే ఉన్న” అని నవ్విరి. మేము ఎక్కితిమి. పైనుండి చూడగా నాలుగు వీథులును నాలుగు దిక్కులకు చీలిపోవుచుండెను; దక్షిణమున 1694లో పూర్తియైన మక్కామసీదు ప్రాంగణము కనబడెను. ఆ జనసమ్మర్దమున ఆకుపచ్చ చీరలో అత్తగారు ఒక అరుగుపై కూర్చుండి, ప్రక్కనున్న బురఖా ధరించిన వృద్ధురాలితో ఏదో సంభాషించుచుండిరి. మేము దిగివచ్చి పైనుండి చూచినదంతయు చెప్పబోగా, “ఆమె కోడలు గూడ టీచరేనట” అని వారే మాకు వార్త చెప్పిరి.

లాడ్‌బజారున లక్కగాజులు చేయువారిని చూచితిమి. లక్కను నిప్పుసెగపై మెత్తబరచి, గుండ్రముగా చుట్టి, ఆ వేడి ఆరకమునుపే చిన్న చిన్న రాళ్లను ఒక్కొక్కటిగా అద్దుదురు. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. బేరమాడువేళ ఆ చేతులనుకూడ ఒకసారి చూడుడని సోదరీమణులకు మా మనవి. అత్తగారు మనుమరాలికి ఒక జత కొనిరి. తమకు వలదనిరి, మేము వినలేదు.

మరలివచ్చుటకు మెట్రోరైలును ఎంచుకొంటిమి. మహాత్మాగాంధీ బస్సు నిలయముకడ ఎక్కి, పెరేడ్ గ్రౌండు వద్ద మారి, తార్నాకలో దిగవలెను. తార్నాక మార్గము 2017 నవంబరులోను, బస్సు నిలయపు మార్గము 2020 ఫిబ్రవరిలోను తెరచిరి. దీనికి టిక్కెట్టు కొనవలెను. కాని మెట్లెక్కలేనివారికి పైకి తీసికొనిపోవు యంత్రము కలదు. బండి మేడలకంటె ఎత్తున పోవుచుండగా అత్తగారు కిటికీని విడువలేదు. డాబాలమీద ఆరవేసిన బట్టలు, నీళ్లతొట్లు, వడియాలు పెట్టిన చాపలు. “ఊరంతా మన ఇల్లే” అనిరి.

ఇట్టి యాత్ర తలపెట్టు సోదరీమణులకు మా అనుభవమునుండి కొన్ని మాటలు. ఎండాకాలమైనచో ఎనిమిది గంటలకే బయలుదేరవలెను. శుక్రవారమును విడువవలెను, ఆనాడు సాలార్జంగు మ్యూజియమునకు సెలవు, మక్కామసీదుకడ ప్రార్థనల రద్దీ. ఆధారు చీటి మరువరాదు. కాలికి అలవాటైన చెప్పులే తొడుగవలెను.

ముఖ్యమైన మాట మరియొకటి కలదు. మన స్త్రీలు బయటికి పోవునాడు మరుగుదొడ్డి దొరకదను భయమున నీరు త్రాగుట మానుదురు. మేమును మధ్యాహ్నమువరకు అట్లే చేసి, తలనొప్పి తెచ్చుకొంటిమి. నీరు మానుట మూత్రవ్యాధులకు దారి. మెట్రో స్టేషనులందును, పెద్ద బస్సు నిలయములందును, మ్యూజియమునందును ఆ వసతి కలదు. వానిని ముందే గుర్తుంచుకొని దారి నిర్ణయించుకొనవలెను. సందర్శకులు వచ్చు ప్రతి వీథియందును శుభ్రమైన వసతి కావలెనని అధికారులకు వ్రాయుటయు మన పనియే. మనము బయటికి రానన్నాళ్లు మనకు వసతులు కావలెనని ఎవరికిని తోచదు.

ఖర్చు చెప్పవలెను గదా. గాజులతోకూడ ఇద్దరికిని అయిదువందల రూపాయలు మించలేదు. ఇంటిపని ఏమైనదందురేని, సాయంకాలము ఆరుగంటలకు పొయ్యి ముట్టించితిమి. పప్పుచారుతో ఇల్లంతయు తృప్తిగా భుజించినది.

ఆ రాత్రి ఇంటివారు, “ఏమేమి చూచితిరి?” అని తల్లిని అడిగిరి. అత్తగారు చార్మినారు చెప్పిరి, గాజులు చెప్పిరి, రైలు చెప్పిరి. కోఠి ద్వారము చెప్పలేదు. మేమును చెప్పలేదు. ఈ శీర్షికలో వ్రాయవచ్చునా యని అడుగగా చాలసేపు ఆలోచించి, “రాయి. ఇంకెవరింట్లనన్న ఎవరన్న అడుగుతరేమో” అనిరి. అందుచేతనే వ్రాసితిమి.

మరునాడు ఉదయము కాఫీవేళ వారే ఎత్తుకొనిరి, పురానాపూలు ఎప్పుడని. ఆ వంతెనను 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున కట్టిరి. ఆ ప్రభువునే మన కవులు మల్కిభరాముడని కీర్తించిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అతనికే అంకితమిచ్చెను. చిన్ననాట ఆ పేరును చదివితిమిగాని, ఆతని వంతెన మా యింటికి బస్సుదూరముననే యున్నదని ఎరుగము. వచ్చే మాసము, శుక్రవారము కాని దినమున, పోదుము.

సోదరీమణులారా, మీ యూరనో, మీ తాలూకాలోనో మీరిన్నాళ్లు చూడని కోట, చెరువు, గుడి, గ్రంథాలయము ఏదియో ఒకటి యుండకపోదు. పోయి చూచి మాకు వ్రాయుడు. పోవునప్పుడు మీ యింటి పెద్దామెను వెంటబెట్టుకొని పొండు. దారిలో వారు ఏదేని ఒకచోట దిగుదమన్నచో, కార్యక్రమమున లేదని అనకుడు.